బంగారు ఫిడేలు

చార్లీ డేనియల్స్ 2020 జూలై 6న, తన 83వ యేట చనిపోయాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పెరిగిన కంట్రీ సంగీతంలోనూ, దానికి రాక్ తోడై పుట్టిన సదరన్ రాక్ లోనూ అర్ధశతాబ్దం పైగా ఫిడేలూ గిటారూ వాయించి పాడినవాడు. ఆయన పోయినప్పుడు ఆయనను గురించి రెండు రకాల మాటలు వినిపించాయి. యౌవనంలో జుట్టు పెంచుకుని పెద్దమనుషులను వెక్కిరించినవాడు ముసలితనంలో జెండా పుచ్చుకుని యుద్ధాన్ని సమర్థించాడు, ఎంత పతనం! అన్నారు కొందరు. కుర్రతనపు పోకడలు వదిలి దేశభక్తుడయ్యాడు, ఎంత పరిణతి! అన్నారు మరికొందరు. ఒకరు విచారించినదానికే మరొకరు సంతోషించారు. కాని ఇద్దరూ కలిసి ఒప్పుకున్న విషయం ఒకటుంది: ఆయన మారాడు అని.

ఆయన మారలేదని నా వాదన. ఆయన పాటల్లో శత్రువు మారాడు, వేషం మారింది, వినేవాళ్ళు మారారు. పాటకు ఆధారమైన భావం మాత్రం 1973లో ఎలా వుందో 2003లోనూ అలాగే వుంది. ఈ సంగతి తేల్చుకోవడం ఎందుకంటే, "మారాడు" అని సరిపెట్టుకుంటే దోషమంతా మనిషి ముసలితనం మీదికి నెట్టి, తొలినాటి పాటలకు మంచి మార్కులు వేసి వూరుకుంటాం. ఒక తిరుగుబాటు ఎంతదూరం పోగలదు, ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు వెనక్కి తిరిగి మనమీదికే వస్తుంది అనే ప్రశ్న అడగనే అడగం. జానపద బాణీలో పాడినంత మాత్రాన పాట ప్రజలదైపోతుందని నమ్మేవారు మన సాహిత్య సభల్లోనూ తక్కువేమీ లేరు. అటువంటివారు డేనియల్స్ జీవితాన్ని కొంచెం శ్రద్ధగా చూడడం మంచిది.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. ఆయన విద్వత్తును శంకించే పని లేదు. 1936లో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని విల్మింగ్టన్ లో, అడవి కలప మీద బతికే కుటుంబంలో పుట్టాడు. 1950లలో చిన్న బృందం కట్టుకుని వూరూరా తిరిగి బార్లలో వాయించాడు. 1964లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన "ఇట్ హర్ట్స్ మి" అనే పాట రచనలో ఈయనకు భాగం వుంది. 1967లో నాష్విల్ చేరి, రికార్డింగు స్టూడియోల్లో కూలికి వాయించే వాద్యగాళ్ళలో ఒకడయ్యాడు. 1969లో వెలువడిన బాబ్ డిలాన్ "నాష్విల్ స్కైలైన్" లోనూ, లెనార్డ్ కోహెన్ "సాంగ్స్ ఫ్రమ్ ఎ రూమ్" లోనూ ఆయన వాయించాడు. పేరు వచ్చేనాటికి ఆయనకు ముప్ఫయ్యారేళ్ళు. ఆ పేరు వూరికే వచ్చింది కాదు.

ఆ పేరు తెచ్చిన పాట "అనీజీ రైడర్". 1973లో అమెరికా జనరంజక పాటల పట్టికలో 9వ స్థానం దాకా వెళ్ళింది. పాట కంటే దాన్ని కథ అనడం సబబు. జుట్టు పెంచుకున్న ఒక యువకుడు కారులో పోతూంటే మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ లో చక్రం గాలి పోతుంది. దగ్గరలోని బారులో తలదాచుకుంటాడు. అక్కడి మొరటు తెల్లవాళ్ళు అతని జుట్టు చూసి తన్నడానికి సిద్ధమౌతారు. వాడు ఉపాయం పన్ని, వాళ్ళలోనే ఒకణ్ణి చూపించి, వీడు కూ క్లక్స్ క్లాన్ లో చొరబడడానికి వచ్చిన ప్రభుత్వ గూఢచారి అని కేకలు వేస్తాడు. వాళ్ళు వాళ్ళలో కొట్టుకుంటూ వుండగా వీడు కారెక్కి, వెళ్తూ వెళ్తూ వాళ్ళను నాలుగు పరుగులు పెట్టించి తప్పించుకుంటాడు. విన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. ఇప్పుడు విన్నా నవ్వు వస్తుంది.

నవ్విన తర్వాత ఒక్కక్షణం ఆలోచించండి. ఆ వూరు జాక్సన్. 1961లో బస్సుల్లో వర్ణవివక్షను ధిక్కరించడానికి నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేసి వందలాదిగా అరెస్టయింది ఆ వూళ్ళోనే. 1963 జూన్ 12న మెడ్గర్ ఎవర్స్ అనే నల్లజాతి నాయకుణ్ణి తన ఇంటి ముందే తుపాకీతో కాల్చి చంపింది ఆ వూళ్ళోనే. అప్పటికి పదేళ్ళే అయింది. డేనియల్స్ కథలో జాక్సన్ వుంది, క్లాన్ వుంది, కాని నల్లవాడు ఒక్కడూ లేడు. క్లాన్ వల్ల అపాయం ఎవరికయ్యా అంటే జుట్టు పెంచుకున్న తెల్ల కుర్రవాడికి! ఆ అపాయం నుంచి బయటపడే మార్గం సొంత తెలివీ, సొంత కారూ. 1961లో బస్సెక్కినవాళ్ళు ఆ వూరిని మార్చడానికి వచ్చారు, జైలుకు పోయారు. ఈ కారువాడికి ఆ వూరితో పని లేదు. తనను పోనిస్తే చాలు.

ఇదీ ఆ తిరుగుబాటు అసలు రూపం: "నా జోలికి రాకండి." ఆ తర్వాత ఏడాది వచ్చిన "లాంగ్ హెయిర్డ్ కంట్రీ బాయ్" లోనూ ఇదే మాట. పేదవాణ్ణి, తాగుతాను, మత్తు పీలుస్తాను, నచ్చకపోతే నన్ను వదిలేసి పొండి అంటాడు ఆ పాటలో మనిషి. తర్వాత కాలంలో డేనియల్స్ ఆ పాట పాడేటప్పుడు మత్తు మాటలు తీసేసి మర్యాద మాటలు పెట్టాడు. చూశారా, మారాడు! అంటారు మన మిత్రులు. నా కళ్ళకు ఇంకొకటి కనిపిస్తున్నది. మాటలు తీసి మాటలు పెట్టినా పాట చెక్కుచెదరలేదు. ఎందుచేతనంటే ఆ పాటకు మత్తు ముఖ్యం కాదు, ఒంటరి మనిషి మొండితనం ముఖ్యం. మొండితనానికి ఒక పక్షం అంటూ లేదు. దానికి పోలీసు అడ్డం వస్తే పోలీసును తిడుతుంది, పరాయివాడు అడ్డం వస్తే పరాయివాణ్ణి తిడుతుంది.

ఈ ఒంటరివాడు ఒక సమూహంలో చేరక తప్పలేదు. ఒంటరితనంతో ఒకటి రెండు పాటలు నడుస్తాయిగాని వేలమంది వచ్చే సభలు నడవవు. ఆ సమూహానికి డేనియల్స్ పెట్టిన పేరు "దక్షిణం". 1975లో ప్రచారమైన "ది సౌత్స్ గొన్నా డూ ఇట్" అనే పాట ఈ దక్షిణానికి జాతీయగీతం వంటిది. అందులో ఆయన దక్షిణాది సంగీత బృందాల పేర్లు వరసగా చదివి, మనం మళ్ళీ లేచాం, ఇక చూసుకోండి అన్నట్లు పాడతాడు. లినర్డ్ స్కినర్డ్ వుంది, మార్షల్ టక్కర్ వుంది, జీజీ టాప్ వుంది, చివరకు తన బృందమూ వుంది. ఆ వరసలో నల్లవారి బృందం ఒక్కటీ లేదు.

మిసిసిపీలో పుట్టిన బి.బి. కింగ్, జార్జియాలో పెరిగిన ఓటిస్ రెడింగ్ దక్షిణాదివారు కారా? సదరన్ రాక్ పుట్టుకే చూడండి. ఆ సంగీతానికి మూలపురుషులైన ఆల్మన్ బ్రదర్స్ బృందంలో జేమో అనే నల్లజాతి డ్రమ్ము కళాకారుడు మొదటినుంచీ వున్నాడు. డ్యూయేన్ ఆల్మన్ చేయి తిరిగింది అలబామా స్టూడియోల్లో విల్సన్ పికెట్ వంటి నల్లజాతి గాయకుల పక్కన వాయించే. వారి రికార్డులు వేసిన మేకన్ నగరపు కంపెనీని నడిపిన ఫిల్ వాల్డెన్ అంతకు ముందు ఓటిస్ రెడింగ్ వ్యవహారాలు చూసినవాడే. సంగీతం కలిసి పుట్టింది. పేర్లు చదివేటప్పుడు విడిపోయింది.

ఆ 1975లోనే జరిగిన ఒక సంఘటనను డేనియల్స్ అభిమానులు గర్వంగా చెబుతారు. లూసియానాలో కూ క్లక్స్ క్లాన్ తన సభకు రేడియో ప్రకటన ఇస్తూ వెనుక ఈ పాట వాడుకుంది. డేనియల్స్ మండిపడ్డాడు. దక్షిణమంటే నాకు గర్వమేగాని క్లాన్ అంటే కాదని బహిరంగంగా ప్రకటించాడు. ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. కాని విమర్శకుడు అక్కడితో ఆగితే ఎలా? దొంగ ఇంట్లో దూరాడు, ఇంటాయన నిజంగానే కోప్పడ్డాడు, బాగానే వుంది. తలుపు ఎందుకు తీసివుంది? క్లాన్ ఆ పాటలో ఒక్క అక్షరం మార్చలేదు. మార్చవలసిన అవసరం రాలేదు. ఎందుకంటే ఆ పాటలోని దక్షిణంలో వాళ్ళకు అడ్డం వచ్చేవాడు ఎవడూ లేడు.

తెలుగు భాష మనకు ఇక్కడ ఒక మంచి సాధనం ఇస్తున్నది. ఇంగ్లీషులో ఉత్తమపురుష బహువచనం ఒకటే మాట. మనకు రెండున్నాయి: మనం, మేము. "మనం" అంటే వింటున్న నువ్వూ అందులో వున్నావు. "మేము" అంటే నువ్వు బయట నిలబడ్డావు. ఒక భాషలో కలగలిసిపోయే తేడా మన భాషలో నోరు తెరవగానే బయటపడుతుంది. డేనియల్స్ పాటలన్నీ "మనం" అన్నట్లు వినిపిస్తాయి. తెలుగు చేయబోతే "మేము" అని తేలుతుంది. ఇదే నేను మారలేదంటున్న భావం.

ఈ "మేము" ఆయన సొంత కల్పన కాదు. దానికి చరిత్ర వుంది. ఆ చరిత్ర ఆయన పుట్టిన వూళ్ళోనే వుంది. 1890లలో నార్త్ కరొలైనాలో పేద తెల్ల రైతుల పార్టీ, నల్లవారు పెద్దసంఖ్యలో వున్న రిపబ్లికన్ పార్టీ కలిసి ఎన్నికల్లో గెలిచాయి. విల్మింగ్టన్ పురపాలనలో నల్లవారికీ స్థానం దొరికింది. 1898 నవంబరు 10న సాయుధులైన తెల్ల మూకలు నల్లవారి పత్రిక కార్యాలయాన్ని తగలబెట్టి, ఎన్నికైన పురపాలకులను తుపాకీ చూపించి దింపివేసి, దొరికిన నల్లవారిని చంపారు. చచ్చినవారు పదుల సంఖ్యలో అని కొందరూ వందల సంఖ్యలో అని కొందరూ అంటారు. లెక్క నేటికీ తేలలేదు. రాష్ట్రం నియమించిన సంఘం ఈ సంగతిపై నివేదిక ఇచ్చేసరికి 2006 వచ్చింది. ఆ మూకల వెనుక వున్నవారు ఎవరు? పట్టణపు ధనికులూ, పత్రికాధిపతులూను. వాళ్ళకు భయం కలిగించింది నల్లవాడు ఒక్కడే కాదు, నల్లవాడి పక్కన నిలబడిన పేద తెల్లవాడు కూడాను. ఆ ఇద్దరూ కలిసి "మనం" అనుకుంటున్నారు. ఆ మాటను వీధిలో కాల్చి చంపారు.

ఆ మాట మళ్ళీ లేచింది. 1929లో అదే రాష్ట్రంలో గాస్టోనియా పట్టణంలోని లోరే మిల్లులో బట్టల మిల్లు కార్మికులు సమ్మె చేశారు. ఎల్లా మే విగ్గిన్స్ అనే స్పిన్నింగు కార్మికురాలు ఆ వుద్యమంలో పాడింది. నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి. కొండపల్లెల పాత గాథల బాణీల్లోనే మిల్లు బతుకు మీద పాటలు కట్టింది. నల్ల కార్మికులను సంఘంలో చేర్చుకోవాలని పట్టుబట్టింది. 1929 సెప్టెంబరు 14న కార్మికుల సభకు ట్రక్కులో పోతుండగా ఆమెను కాల్చి చంపారు. విచారణకు నిలబెట్టినవారందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. డేనియల్స్ పుట్టడానికి ఇంకా ఏడేళ్ళుంది. ఆయనకు పదేళ్ళప్పుడు, 1946లో, దక్షిణాది కార్మికులను నల్లా తెలుపూ తేడా లేకుండా సంఘటితపరచాలని అమెరికా కార్మిక సమాఖ్య ఒకటి "ఆపరేషన్ డిక్సీ" అనే పెద్ద ప్రయత్నం ప్రారంభించింది. జాతిద్వేషమూ, కమ్యూనిస్టు భూతమూ చూపించి యజమానులు దాన్నీ దెబ్బతీశారు. 1947లో నార్త్ కరొలైనా కార్మిక సంఘాల చేతులు కట్టే చట్టం చేసింది.

వర్గం పేరుతో తన కష్టం చెప్పుకునే దారి ఇలా మూతపడ్డ తర్వాత పేద తెల్లవాడి కోపం ఎటు పోవాలి? కోపం ఎక్కడికీ పోదు, పేరు మార్చుకుంటుంది. మిల్లు యజమాని మీది కోపం ఉత్తరాది మీది కోపమైంది, పట్టణం మీది కోపమైంది, చదువుకున్నవాడి మీది కోపమైంది. కూలివాడూ యజమానీ ఇద్దరూ ఒకే జెండా కింద "దక్షిణం" అయ్యారు. డేనియల్స్ ఈ స్థితిని సృష్టించలేదు. కాని దానికి ఫిడేలు వాయించాడు.

ఇక ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చిన పాట. 1979లో వచ్చిన "ది డెవిల్ వెంట్ డౌన్ టు జార్జియా" కంట్రీ పట్టికలో మొదటి స్థానానికీ, జనరంజక పట్టికలో మూడో స్థానానికీ వెళ్ళింది. గ్రామీ బహుమతి తెచ్చింది. కథ అందరికీ తెలిసిందే. సైతాను జార్జియాకు వస్తాడు. జానీ అనే పిల్లవాడు ఫిడేలు వాయిస్తూంటే చూసి పందెం కడతాడు: నువ్వు గెలిస్తే బంగారు ఫిడేలు, నేను గెలిస్తే నీ ఆత్మ. జానీ గెలుస్తాడు, బంగారు ఫిడేలు పుచ్చుకుంటాడు.

ఈ కథకు ప్రేరణ స్టీఫెన్ విన్సెంట్ బెనే 1925లో రాసిన "ది మౌంటెన్ విప్పర్విల్" అనే కవిత కావచ్చునని డేనియల్సే చెప్పాడు. ఆ కవితలోనూ జార్జియాలో ఫిడేళ్ళ పోటీయే. తల్లీ తండ్రీ లేని కొండపిల్లవాడు గెలుస్తాడు. కాని అక్కడ ఎదుట వున్నవారు తోటి వాద్యగాళ్ళు, మనుషులు. వాళ్ళ విద్య వాళ్ళకుంది, పిల్లవాడి విద్య పిల్లవాడికుంది. డేనియల్స్ చేతిలోకి వచ్చేసరికి ప్రత్యర్థి మనిషి కాకుండా పోయాడు, సైతాను అయ్యాడు. సైతానుతో మాట్లాడేదేమీ వుండదు, ఓడించడమే.

ఆ సైతాను ఏం వాయిస్తాడో వినండి. అతని వంతు వచ్చినప్పుడు దెయ్యాల బృందం తోడవుతుంది. వెనుక బేసు గిటారూ డ్రమ్ములూ పట్టే వూపు ఆనాటి నల్లవారి ఫంక్ సంగీతపు వూపు. జానీ వంతు వచ్చినప్పుడు పాత పల్లెటూరి నాట్యాల బాణీల పేర్లు వల్లిస్తూ వాయిస్తాడు. సైతానుకు నల్లవారి లయ, జానీకి తెల్లవారి పల్లెబాణీ! డేనియల్స్ ఇలా ఉద్దేశించి చేశాడని నేను అనను. ఉద్దేశం అక్కరలేకుండానే జరిగిపోవడమే ఇందులో విశేషం. ఆ 1979 జూలై 12నే షికాగోలోని ఒక ఆటమైదానంలో వేలమంది గుమిగూడి నల్లవారి నుంచి, స్వలింగ ప్రేమికుల నుంచి వచ్చిన డిస్కో సంగీతపు రికార్డులను పేల్చివేసి గంతులు వేశారు. ఎవరి సంగీతం సైతానుదో గాలిలోనే వుంది, పాటగాడు పీల్చుకున్నాడు.

పైగా జానీ వాయించిన పాత బాణీలైనా తెల్లవారి సొంతమా? బాంజో ఆఫ్రికా నుంచి వచ్చిన వాద్యం. తోటల్లో దొరల నాట్యాలకు ఫిడేలు వాయించినవారిలో నల్ల బానిసలు ఎందరో. 1920లలో గ్రామఫోను కంపెనీలు అమ్మకం సౌకర్యం కోసం దక్షిణాది సంగీతాన్ని రెండు జాబితాలుగా చీల్చి, నల్లవారి రికార్డులకు ఒక పేరూ, కొండపల్లెల తెల్లవారి రికార్డులకు ఒక పేరూ పెట్టాయి. వ్యాపారి గీసిన గీతను మనవాళ్ళు సంప్రదాయం అనుకున్నారు. నాష్విల్ లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో సభలో మౌతార్గాన్ వాయించి పేరు తెచ్చుకున్న నల్ల కళాకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో పనిలోంచి తీసేశారు. డేనియల్స్ కు అదే సభలో 2008లో సభ్యత్వం ఇచ్చారు.

1979 తర్వాత జరిగింది నేను విస్తరించి చెప్పనక్కరలేదు. శత్రువుల పేర్లు మాత్రం చూస్తే చాలు. 1980లో, ఇరాన్ లో అమెరికా దౌత్యోద్యోగులు బందీలుగా వున్న కాలంలో, "ఇన్ అమెరికా" వచ్చింది. మాలో మాకు తగాదాలున్నా బయటివాడు వస్తే మేమంతా ఒకటి అని దాని సారాంశం. 1988లో "అనీజీ రైడర్" కే కొత్త రూపం ఇచ్చాడు. ఈసారి ఇద్దరు మిత్రులు తెలియక దూరిన బారు స్వలింగ ప్రేమికులది. పదిహేనేళ్ళ కిందట బారులో ఒంటరివాణ్ణి చుట్టుముట్టిన మొరటుతనాన్ని చూసి నవ్వాం. ఇప్పుడు ఆ మొరటువాడి పక్కన కూర్చుని నవ్వాలి. పాట అచ్చు అదే. కుర్చీలు మారాయి, అంతే.

1989లో "సింపుల్ మేన్" వచ్చింది. మత్తుమందులు అమ్మేవాళ్ళను కోర్టులతో పని లేకుండా చెట్టుకు వురితీయాలని, దుర్మార్గులను బురదనేలల్లో కట్టివేసి మొసళ్ళకు వదలాలని ఆ అమాయకుడు కోరతాడు. చెట్టు, తాడు! అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ రెండు మాటలూ కలిస్తే ఏమర్థం వస్తుందో తెలియనివాడెవడు? 1877 నుంచి 1950 దాకా ఆ రాష్ట్రాల్లో మూకలు విచారణ లేకుండా చంపిన నల్లవారు నాలుగు వేలకు పైగా తేలారు. విల్మింగ్టన్ లో పుట్టినవాడు ఆ మాటలు వాడి, వాటిని సామాన్యుడి నోట పెట్టి, సామాన్యుడి న్యాయం ఇదే అంటే నేను ఒప్పుకోను. సామాన్యుడికి ఇంతకంటె అవమానం లేదు. ఆ చెట్టు కింద చచ్చినవాడూ సామాన్యుడే.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆయన కట్టిన "దిస్ ఏంట్ నో రాగ్, ఇట్స్ ఎ ఫ్లాగ్" అనే పాటలో జెండాను పొగుడుతూనే తలకు గుడ్డ చుట్టుకునేవారిని ఎత్తిపొడిచే శ్లేష వుంది. అది పాడవద్దన్నారని ఆ అక్టోబరులో నాష్విల్ లో జరిగిన ఒక సహాయ కచేరీ నుంచి తప్పుకున్నాడు. ఆ సెప్టెంబరు 15న ఆరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే పంజాబీ సిక్కును, ఆయన తలపాగా చూసి, ఆయన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. ఆ హత్యకు ఈ పాట కారణం కాదు. హత్య జరిగిన తర్వాతే పాట వచ్చింది. నా ఆక్షేపణ అదే. తలపాగా చూసి చంపే రోజులని దేశమంతా తెలిసిన తర్వాత కూడా తలగుడ్డ మీద శ్లేష కట్టాడు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన సినిమావాళ్ళను నిందిస్తూ బహిరంగ లేఖ రాసి బుష్ ప్రభుత్వాన్ని సమర్థించాడు. ఆ యుద్ధానికి సాకుగా చెప్పిన మారణాయుధాలు ఇరాక్ లో దొరకలేదు.

ఇక్కడ ఆయన పక్షాన చెప్పదగినవి రెండున్నాయి. 1982లో ఆయన పాడిన "స్టిల్ ఇన్ సైగాన్". వియత్నాం నుంచి ఇంటికి వచ్చినా మనసులో ఆ యుద్ధం వదలని సైనికుడి బాధ అది. నిజంగా మంచి పాట. రాసింది డాన్ డేలీ అనే మరొక రచయిత. పాడడానికి ఒప్పుకున్న గౌరవం డేనియల్స్ ది. రెండోది, 2014లో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల సహాయార్థం ఒక సంస్థను స్థాపించాడు. దయగల మనిషి అని అందరూ అంటారు, నేను కాదనను. దయను గురించి కాదు నా వాదన. ఆ పాటలో సైనికుడు మంచం మీద నిద్రపట్టక అల్లాడుతున్నాడు. అతన్ని అక్కడికి పంపింది ఎవరు అనే ప్రశ్న ఆయన నోట 2003లో కూడా రాలేదు. గాయానికి కట్టు కట్టాడు, కత్తి పట్టిన చేతికి జేజేలు కొట్టాడు. ఒకే హృదయం ఈ రెండు పనులూ చేయడం విచిత్రం కాదు. "మేము" అనే మాట ఆ రెంటికీ చోటిస్తుంది. మావాడు గాయపడితే కన్నీరు; ఆ గాయానికి కారణమైన మా ప్రభుత్వాన్ని అడగడం మాత్రం ద్రోహం. వియత్నాం రైతుకూ ఇరాక్ తల్లికీ ఆ కన్నీటిలో వాటా లేదు.

చివరికి, "రాజకీయాలు మనకెందుకు, ఫిడేలు వినండి" అనే రసికులకు ఒక జవాబు బాకీ వుంది. ఫిడేలు వినే చెబుతున్నాను. సైతాను వెనుక ఏ లయ వుందో, జానీ చేతికి ఏ బాణీ ఇచ్చారో, పేర్ల జాబితాలో ఎవరు లేరో, నవ్వు ఎవరి మీద పుట్టించారో, ఇవన్నీ పాటలోని సంగతులే. నేను బయటనుంచి తెచ్చి అంటించినవి కావు. వస్తువును వదిలి శిల్పాన్ని ఆస్వాదించమనేవారు శిల్పాన్ని కూడా సరిగా వినడం లేదు.

జానపదమైతే చాలు ప్రజలదే అనేవారికీ అదే జవాబు. ఎల్లా మే విగ్గిన్స్ దీ డేనియల్స్ దీ ఒకే రాష్ట్రం, ఇద్దరి వెనుకా అవే కొండపల్లెల బాణీలు. ఆమె ఆ బాణీలో "మనం" అంది, ఆయన "మేము" అన్నాడు. మన దగ్గర బుర్రకథను ప్రజానాట్యమండలీ చెప్పించింది, సర్కారు ప్రచార శాఖలూ చెప్పించాయి. తంబురా ఎవరి పక్షానా మాట్లాడలేదు, కథకుడే మాట్లాడాడు. బాణీ దారి చూపదు. పాడేవాడు ఎవరిని కలుపుకున్నాడు, ఎవరిని గడప బయట నిలబెట్టాడు అని ప్రతి పాటనూ అడిగి తీరవలసిందే. ఆ ప్రశ్న 1973లోనే అడిగివుంటే 2003 లేఖ చూసి ఎవరూ ఆశ్చర్యపడేవారు కారు.

నాష్విల్ లో కంట్రీ సంగీత ప్రముఖుల పేర్లు ప్రతిష్ఠించే మందిరం ఒకటుంది. డేనియల్స్ ను అందులోకి 2016లో, ఆయన బతికివుండగానే తీసుకున్నారు. డిఫోర్డ్ బెయిలీని 2005లో తీసుకున్నారు. అప్పటికి ఆయన చనిపోయి 23 ఏళ్ళు. ఎల్లా మే విగ్గిన్స్ పేరు ఆ మందిరంలో లేదు.